వరద గీత, తెడ్డు, లేసు: ఒక్క సెల్ఫ్ పోర్ట్రెయిట్‌లో అన్నీ పట్టవు

మీరు అడిగినదాన్ని మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. గోదావరి డెల్టాలో సఖినేటిపల్లి వైపు లంకలో మీ ఇల్లు. కోర్సులో భాగంగా సెల్ఫ్ పోర్ట్రెయిట్ ఇవ్వాలి. రెండు తీశారు. మొదటిదాంట్లో మీ తాతగారి తెడ్డు, ఆయన ఫ్రేము కట్టిన ఫొటో, మీ అమ్మగారు అల్లిన లేసు, 1986 ఆగస్టు వరద ఎంతవరకూ వచ్చిందో గుర్తుగా తాతగారు సున్నపు గోడ మీద మేకుతో గీసిన గీత, వీటి మధ్యన మీరు. చూసినవాళ్లు సంతలో కొట్టులా ఉందన్నారు. రెండోది పొద్దుగూకే వేళ పంటు (ఏరు దాటించే పడవ) రేవులో నల్లటి నీడలా మీరొక్కరే. అది అందరికీ నచ్చింది. మీకు మాత్రం అది ఎవరి ఫొటో అయినా కావచ్చనిపించింది. సొంత భావానికెంత, కూర్పుకెంత ఇవ్వాలి అన్నది మీ ప్రశ్న.

కొలిచి పంచాల్సిన పని లేదండి. ఫ్రేములోకి వచ్చే ప్రతి వస్తువుకీ అక్కడ ఒక పని ఉండాలి. గీతగానో, వెలుగుగానో, ఆకారంగానో, దేన్నో కప్పేదిగానో అది ఫొటోని కట్టాలి. మీ మొదటి ఫొటోలో నాలుగు వస్తువులున్నాయి, ఒక్కదానికీ పని లేదు. వాటిలో ఏ ఒక్కటి తీసేసినా మీరు నిలబడ్డ తీరు, వెలుగు, కెమెరా చోటు, ఏదీ మారదు. ఒక వస్తువు ఉండాలా వద్దా తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. తెడ్డు చూడగానే మీకు తాతగారు గుర్తొస్తారు. కొత్తవాడికి అది తెడ్డు, అంతే. మీ జ్ఞాపకం దానంతటది ఫొటోలోకి ఎక్కదు. ఎక్కేదల్లా ఆ వస్తువుకీ మీ ఒంటికీ మధ్య కంటికి కనపడే సంబంధం.

అందుకని కెమెరా తీసే ముందు ఒక్క వాక్యం రాసుకోండి, అందులో ఏదో జరగాలి. "మా తాత నాకు గుర్తు" అన్నది ఫొటోకి లొంగదు. "నీళ్లు నా గుండెల దాకా వచ్చాయి, నేను కదల్లేదు" అన్నది లొంగుతుంది. "అమ్మ అల్లిక నా మొహం మీద పడింది" కూడా లొంగుతుంది. ఇలా రాసుకుంటే మీ సామాన్లలో ఒక్క ఫొటో కాదు, మూడు నాలుగు ఫొటోలు ఉన్నాయని మీకే తెలుస్తుంది. నేనైతే కోర్సుకి వరద గీత ఫొటో ఇచ్చి, మిగతావి వరసలో తర్వాత తీసుకోమంటాను. ఎందుకంటే ఆ గీత కూర్పు, భావం రెండూ ఒకేసారి అయ్యే వస్తువు. దాన్ని మీరు మొదటి ఫొటోలో వెనక గోడ మీద ఉన్నదో లేదో అన్నట్టు వదిలేశారు.

దీనికి కొంచెం లెక్క ఉంది, ఓపిగ్గా చదవండి. మీరు గోడకి కొన్ని అడుగులు ముందు నిలబడతారు. గోడ మీది గీత మీ ఒంటిని ఎక్కడ కోసినట్టు కనపడాలి? నీళ్లు నిజంగా ఎంత ఎత్తు వచ్చాయో అక్కడే. అది జరగాలంటే లెన్స్ సరిగ్గా గీత ఎత్తులోనే ఉండాలి. లెన్స్ ఎత్తులో ఉన్నవన్నీ దగ్గరున్నా దూరమున్నా ఫొటోలో ఒకే మట్టంలో పడతాయి. గీత 4 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. మీరు కెమెరాకి 10 అడుగుల దూరంలో, గోడ 15 అడుగుల దూరంలో. లెన్స్‌ని అలవాటుగా కంటి ఎత్తుకి, అంటే ఐదున్నర అడుగులకి పెడితే, గీత మీ ఒంటి మీద నాలుగున్నర అడుగుల దగ్గర పడుతుంది. అరడుగు ఎక్కువ వరద చూపించినట్టు. 3 అడుగులకి దించితే గీత నాలుగంగుళాలు కిందికి జారుతుంది. కెమెరాని పైకో కిందికో వంచినా ఈ తేడా పోదు, లెన్స్ ఎత్తు ఒక్కటే దీన్ని మారుస్తుంది. వంచితే అదనంగా గోడలు వాలినట్టు కనపడతాయి, అదో కొత్త తలనొప్పి. టేపు పెట్టి కొలవండి. కొలిచేది మీ పాదాలుండే నేల నుంచి. లంకల్లో ఇళ్లకి అరుగు ఎత్తుగా కడతారు కదా, గీత అరుగు మీంచి 4 అడుగులుంటే వాకిట్లో నిలబడ్డ మీకు అది ఆరడుగులు కావచ్చు. అప్పుడు నీళ్లు తల దాటిపోతాయి. అది ఇంకో ఫొటో, అదీ చెడ్డదేం కాదు గానీ తెలిసి తీయాలి.

కెమెరా ఇలా మట్టంగా ఉంటే గీత ఫ్రేముకి సరిగ్గా నడిమధ్య పడుతుంది, చప్పగా ఉంటుంది. అందుకు కెమెరాని వంచొద్దు, ఎక్కువ చోటు పట్టేలా తీసి కత్తిరించండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి (పెద్ద సెన్సార్ ఉన్నదానికి) 35 మి.మీ. లెన్స్ పెట్టి నిలువుగా తిప్పితే 10 అడుగుల దూరంలో నిలువునా దాదాపు 10 అడుగులు పడుతుంది. పాదాల కింద అడుగు నేల, ఐదున్నర అడుగుల మనిషైతే తల మీద మూడున్నర అడుగుల ఉత్త గోడ. పైనుంచి రెండున్నర అడుగుల గోడ తీసేస్తే గీత కింద మూడింట రెండొంతులు, పైన ఒక వంతు మిగులుతుంది. కింద ఉన్నదంతా నీళ్ల వాటా. ఇంకా బిగుతుగా కోస్తే ఊపిరాడనట్టు, వదులుగా వదిలితే తేలికగా ఉంటుంది. ముఖ్యమైనది ఫ్రేములో మూడో వంతు దగ్గర పడాలనే మూడు వంతుల సూత్రాన్ని నేను మామూలుగా పెద్దగా పట్టించుకోను. ఇక్కడ అది కుదరడానికి కారణం నీళ్లే, సూత్రం కాదు.

చేతులు కిందికి వదిలేయండి. గీత మీద వేలు పెట్టి చూపిస్తే అది పాఠ్యపుస్తకంలో బొమ్మ అవుతుంది. లెన్స్ గుండె ఎత్తులో ఉంటుంది కాబట్టి దానిలోకి చూస్తే చూపు కొంచెం కిందికి దిగుతుంది. గడ్డం అంగుళం ముందుకు చాపి, మెడ నిటారుగా పెట్టండి. చొక్కా రంగు ఆలోచించాలి. సున్నపు గోడ ముందు తెల్లది వేస్తే మీరు గోడలో కలిసిపోతారు. గళ్ల చొక్కా అయితే అడ్డగీతలు వరద గీతతో పోటీ పడతాయి. ఇటుక రంగు, ముదురు నీలం, ఉతికి వెలిసిన బూడిద, వీటిలో ఏదైనా సాదాగా ఉండాలి. గీత సన్నగా ఉందని బొగ్గుతో దిద్దుదామనిపిస్తుంది. దిద్దొద్దు. ఎడిటింగులో ఆ పట్టీ వరకూ కాంట్రాస్ట్ కాస్త పెంచుకోండి, చాలు.

మేకుతో గీసిన గీత అంటే గోడలో ఒక చిన్న గాడి. అడ్డంగా ఉన్న గాడి కనపడాలంటే వెలుగు పైనుంచి రావాలి. పక్క నుంచి వస్తే గాడి వెంబడే పారిపోతుంది, నీడ పడదు. ఎదురుగా వస్తే చదును అయిపోతుంది. మీ గోడ తూర్పు ముఖం అన్నారు కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా కొట్టి గీతని మింగేస్తుంది. పొద్దెక్కేకొద్దీ గాడి బాగా తేలుతుంది గానీ మీ కళ్ల గుంటలు నల్లబడతాయి. మన దగ్గర నడినెత్తి సూర్యుడంటే మాటవరసకి కాదు. దేశమంతటి గడియారానికీ ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దాపునే పోతుంది, అంచేత మన 12 గంటలకీ అసలు మధ్యాహ్నానికీ తేడా చాలా తక్కువ. మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ డెల్టాలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా ఉంటాడు. ఎండ కాస్తుంటే ఆ వేళ మనుషుల్ని తీయకండి.

అన్నిటికన్నా బాగా కుదిరేది మబ్బు పట్టిన ఆగస్టు మధ్యాహ్నం, వరదల కాలమే. మబ్బు వెలుగు పైనుంచి మెత్తగా దిగుతుంది, గాడి లోపల సన్నటి నీడ పడుతుంది. కళ్ల కింది చీకటికి మందు చవకే. మీ కాళ్ల ముందు, ఫ్రేముకి బయట, తెల్ల పంచె నేల మీద పరవండి, లేదా థర్మోకోల్ షీటు పెట్టండి. ధాన్యం ఆరబోసే నీలం బరకం మాత్రం దగ్గరికి రానీయొద్దు, గడ్డం కింద నీలం రంగు అంటుకుంటుంది. మబ్బు లేని రోజైతే మధ్యాహ్నం 3 తర్వాత గోడ సొంత నీడలోకి వెళ్లాక తీయండి. గాడి కొంత పలచబడుతుంది గానీ ముఖం బాగుంటుంది. నీడలో రంగులు నీలానికి తిరుగుతాయి, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని సరిచేసే సెట్టింగ్) 7000 కెల్విన్ దగ్గర మొదలెట్టి చూసుకోండి.

ఎక్స్‌పోజర్ (ఫొటోకి ఎంత వెలుగు ఇవ్వాలన్నది) దగ్గర చాలామంది తమని తామే పోగొట్టుకుంటారు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు దేన్ని చూపించినా నడిమి బూడిద వెలుగుకి తెచ్చేస్తుంది. తెల్ల గోడని చూస్తే మొత్తం చీకటి చేస్తుంది, చామనఛాయ చెంపని చూస్తే వెలిసిపోయినట్టు చేస్తుంది. స్పాట్ మీటరుతో, అంటే ఫ్రేములో ఒక్క చుక్కనే కొలిచే పద్ధతిలో, చెంప మీద కొలిచి, ఒంటి రంగుని బట్టి మూడింట రెండు స్టాపుల నుంచి ఒక స్టాపు దాకా తగ్గించండి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). ఫోనులో తీస్తే బ్యూటీ మోడ్ ఆపేయండి, కొన్నిట్లో అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. చర్మాన్ని తెల్లబరిచి గరుకుతనం తుడిచేశాక అది మీ పోర్ట్రెయిట్ కాదు, ఫోను కంపెనీ ఊహ.

కెమెరా వెనక మనిషి లేడు కాబట్టి ఫోకస్ పెద్ద గండం. మీరు నిలబడే చోట ఒక గడకర్ర పాతండి, లేకపోతే స్టూలు మీద చీపురు నిలబెట్టండి. గీతల గీతల చీపురు ఆటోఫోకస్‌కి బాగా దొరుకుతుంది. దాని మీద ఫోకస్ చేసి మాన్యువల్‌లోకి మార్చి, బొటనవేళ్ల చోట సుద్దముక్కతో గీత పెట్టుకుని చీపురు తీసేయండి. ఆ తర్వాత ఫోకస్ రింగుని ముట్టుకోవద్దు. 35 మి.మీ. లెన్స్‌తో 3 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, ఎఫ్4 లో (ఇది లెన్స్ కన్నం కొలత, అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదై స్పష్టంగా ఉండే లోతు పెరుగుతుంది) సుమారు 2.3 నుంచి 4.2 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుంది. అంటే 15 అడుగుల గోడ అవతలే ఉండిపోతుంది, గీత మసక. ఎఫ్8 కి వెళ్తే 1.9 నుంచి 7 మీటర్ల దాకా వస్తుంది, మీరూ గీతా ఇద్దరూ దొరుకుతారు. బ్యాక్‌గ్రౌండ్ మసకగా ఉంటేనే గొప్ప ఫొటో అన్న అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది. 50 మి.మీ. ఎఫ్1.8 తో 2 మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు జానెడు కూడా ఉండదు, ఊపిరి పీల్చి ముందుకి ఊగినా కళ్లు పోతాయి.

పది సెకన్ల టైమరు పెట్టి పరుగెత్తుకెళ్లి నిలబడితే ముఖంలో ఆ పరుగే పడుతుంది. కెమెరాలో ఇంటర్వెల్ షూటింగ్ ఉంటే 3 సెకన్లకి ఒకటి చొప్పున 60 పెట్టుకోండి, మూడు నిమిషాలు. మొదటి ఇరవైలో మీరు కెమెరాకి పోజు ఇస్తూనే ఉంటారు. విసుగొచ్చాక, భుజాలు దిగాక వచ్చేవి వాడుకునేవి. ఆ సౌకర్యం లేకపోతే బ్లూటూత్ రిమోట్ గుప్పిట్లో దాచి, రెండు సెకన్ల ఆలస్యం పెట్టుకుంటే నొక్కిన చెయ్యి మామూలు స్థితికి రావడానికి సమయం దొరుకుతుంది. షట్టర్ వేగం సెకనులో 125వ వంతు కన్నా నెమ్మదించనీయకండి. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (సెన్సార్ వెలుగుని పట్టే సున్నితత్వం) 1600 దాకా పెంచుకోవచ్చు, గింజ (చుక్కచుక్కల గరుకు) కొంత కనపడినా కదిలిన ముఖం కన్నా నయం. ఫోనైతే వెనక కెమెరాతోనే తీయండి. చెయ్యి చాపి ముందు కెమెరాతో 50, 60 సెంటీమీటర్ల నుంచి తీస్తే ముక్కు పెరిగి చెవులు వెనక్కి పోతాయి. అది లెన్స్ దోషం కాదు, దూరం చేసే పని.

ఇక తెడ్డు. మీ రెండో ఫొటోని పారేయకండి, తెడ్డు చోటు అక్కడుంది. వెనక వెలుగు పెట్టి మనిషిని నల్లగా చేసినప్పుడు ముఖం, బట్ట, వయసు అన్నీ పోయి అంచు ఒక్కటే మిగులుతుంది. అందుకే అది ఎవరి ఫొటో అయినా కావచ్చనిపించింది. లేసు, ఫొటో ఫ్రేము లాంటివి నీడగా మారితే ఉత్త చతురస్రాలు. తెడ్డు అలా కాదు, దానికి సొంత ఆకారం ఉంది. కాకపోతే దాని వెడల్పాటి రెక్క కెమెరాకి ఎదురుగా తిరిగి ఉండాలి. పక్కకి తిరిగితే ఉత్త కర్ర. నిట్టనిలువుగా పట్టుకుంటే పోటీలో గెల్చినవాడిలా ఉంటారు. భుజాన ఏటవాలుగా వేసుకుని, రెక్క తల వెనక ఆకాశంలోకి పోయేలా పెట్టండి. మోచేతికీ ఒంటికీ మధ్య ఆకాశం కనపడాలి, తెడ్డుకీ మెడకీ మధ్య కూడా. ఈ సందులు మూసుకుపోతే మనిషి, తెడ్డు కలిసి ఒక దుంగ అయిపోతారు. పక్కకి తిరిగి నిలబడండి, ముక్కూ గడ్డం తెలియాలి. పోలిక అంచులోనే ఉంటుంది.

మీ గట్టు గోదావరి పాయ వశిష్ఠకి తూర్పున ఉంది, అంచేత పొద్దు నీళ్ల మీదుగా నరసాపురం వైపు కుంకుతుంది. నరసాపురం ఒడ్డున ఉండేవాళ్లకి ఇదే ఫొటో తెల్లవారుజామున దొరుకుతుంది. లెన్స్‌ని మోకాలి ఎత్తుకి దించితే అవతలి గట్టు కొబ్బరి చెట్ల వరస మీ మోకాళ్ల దగ్గరే ఆగిపోయి, తలా తెడ్డూ ఖాళీ ఆకాశంలోకి లేస్తాయి. కంటి ఎత్తు నుంచి తీస్తే ఆ నల్లటి చెట్ల వరసలోకి మీ తల వెళ్లి మునుగుతుంది. సూర్యుడు లేని ఆకాశపు ముక్కని కొలిచి ఒక స్టాపు తగ్గించండి. సూర్యబింబం ఫ్రేములో ఉంటే కన్ను దాన్ని వదలదు, మునిగిన పది నిమిషాలకి తీయడం మేలు. మన అక్షాంశంలో పొద్దు దాదాపు నిలువుగా దిగుతుంది. ఆకాశంలో చివరి ఆరు డిగ్రీలు దిగడానికి 25 నిమిషాలు చాలు. చల్లటి దేశాల వాళ్లు వీడియోల్లో చెప్పే బంగారు గంట ఇక్కడ గంట ఉండదు, ట్రైపాడ్ ముందే పాతి ఉంచుకోవాలి. పంటు మీద తీస్తే ఇంజను ఆడుతున్నంతసేపూ ట్రైపాడ్ వల్ల లాభం లేదు, అదురు కాళ్ల గుండా ఎక్కుతుంది. షట్టర్ వేగం సెకనులో 250వ వంతు కన్నా నెమ్మదించకుండా చేత్తో ఎవరిచేతనైనా తీయించుకోండి. కూర్పు మీదైతే నొక్కింది ఎవరన్నది అడ్డు కాదని నా అభిప్రాయం, మీ కోర్సు నిబంధన మాత్రం ఒకసారి చూసుకోండి. సముద్రం దగ్గర పడ్డ చోట ఏటికి పోటూ పాటూ ఉంటాయి. పాటులో ఆరిన ఒండ్రు మీద ట్రైపాడ్ పెడితే కొన్ని గంటల్లో అక్కడికి నీళ్లొస్తాయి. కాళ్ల కింద అరచేయంత చెక్కముక్కలు పెట్టకపోతే ఒండ్రులో ఒక కాలు మెల్లగా దిగి, మీరు చూసేసరికి గట్టు వంకరగా ఉంటుంది.

లేసుని చేతిలో పట్టుకుని చూపిస్తే అమ్మకానికి పెట్టినట్టుంటుంది. దానికి ఇవ్వగలిగిన పని నీడ. పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది. ఆ కిటికీకి లేసు కట్టి దగ్గర కూర్చుంటే అల్లిక నీడ ముఖం మీద పడుతుంది. ఎంత దగ్గర? సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే నీడ అంచు దూరంతో మసకబడుతుంది. లేసుకి 30 సెంటీమీటర్ల దూరంలో అంచు సుమారు 3 మిల్లీమీటర్లు మసక, మీటరు దూరంలో 9. అల్లికలో కన్నాలు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు ఉంటాయనుకుంటే, మీటరు దూరంలో పువ్వులన్నీ కలిసి ఉత్త మచ్చలవుతాయి. ముఖం జానెడు నుంచి అడుగు లోపు ఉండాలి. సన్నటి అల్లిక కన్నా పెద్ద పువ్వులున్నది ఎంచుకోండి. తల మిల్లీమీటర్లలో కదుపుతూ ఒక కన్ను కన్నంలోంచి వచ్చే వెలుగులో పడేలా చూసుకోవాలి. రెండు కళ్లూ నీడలో పడితే చర్మ వ్యాధిలా ఉంటుంది, నిజంగానే. వెలుగు మచ్చలకి ఎక్స్‌పోజర్ పెట్టి, మిగతా గదిని చీకట్లోకి వదిలేయండి. అప్పుడు నరసాపురం లేసు గురించి ఏమీ తెలియనివాడికి కూడా ఎవరో అల్లిన ఒక పని ఆ ముఖాన్ని కప్పిందని అర్థమవుతుంది.

తాతగారి ఫొటోని గుండెకి ఆనించి పట్టుకోవడం వద్దు. పేపర్లో తప్పిపోయినవారి ప్రకటన గుర్తొస్తుంది, పైగా రెండు ముఖాలుంటే కన్ను వాటి మధ్య ఊగిసలాడుతూ ఉంటుంది. దానికి అద్దం ఉంది కదా, ఆ అద్దంలో మీ ప్రతిబింబం తీయండి. ఫొటోలో నల్లగా ఉన్న చోటే ప్రతిబింబం కనపడుతుంది, తెల్ల పంచె, వెలుగున్న ఆకాశం ఉన్న చోట మాయమవుతుంది. కాబట్టి పాత ఫొటోలో కోటు, జుట్టు, చీకటి మూల ఎక్కడుందో చూసుకుని మీ ముఖం అక్కడ పడేలా జరగాలి. వెలుగు మీ ముఖం మీద ఉండాలి, ఫ్రేము నీడలో ఉండాలి. ఫోకస్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ప్రతిబింబం అద్దం మీద ఉండదు, అద్దానికి అవతల ఉంటుంది. కెమెరా, మీరు ఇద్దరూ అద్దానికి మీటరు దూరంలో ఉంటే తాతగారు మీటరు దగ్గర, మీరు 2 మీటర్ల దగ్గర ఫోకస్ అవుతారు. 35 మి.మీ. లెన్స్‌తో ఎఫ్16 పెట్టి 1.3 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే ఇద్దరూ దొరుకుతారు. ఫోనుకి సెన్సార్ చిన్నది కాబట్టి ఈ ఒక్క ఫొటో ఫోనుతోనే తేలిక.

ఏ ఫొటో అయినా నొక్కే ముందు వెనక ఏముందో అంచుల వెంబడి ఒక చుట్టు చూడండి. క్యాలెండరు, ఫ్లెక్సీ, సిమెంటు బస్తా మీద అక్షరాలు ఉంటే తీసేయండి. ఫ్లెక్సీలో నాయకుడి నవ్వు ముందు మీ ముఖం గెలవదు. తలలోంచి కొబ్బరి చెట్టు మొలిచినట్టుంటే మీరు కదలక్కర్లేదు, ట్రైపాడ్‌ని అడుగు పక్కకి జరపండి. మీరు 3 మీటర్లలో, చెట్టు 9 మీటర్లలో ఉంటే ఆ అడుగుకి మాను మీ తల నుంచి జానెడు తప్పుకుంటుంది. కొబ్బరితోట లోపల తీయాలనుకుంటే ముందే చెప్తున్నా, అది అందంగా కనపడే చెడ్డ చోటు. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడుతుంది, మిగతాది ఆకుపచ్చగా మారుతుంది. తోట అంచుకి వచ్చి, తోటని వీపు వెనక పెట్టుకుని, చేల వైపు తిరిగి నిలబడితే వెలుగు శుభ్రంగా వస్తుంది. నాట్లకి నీళ్లు పెట్టిన చేలయితే, సార్వాకైనా దాళ్వాకైనా, కింది నుంచి కూడా వెలుగు వస్తుంది. అప్పటికే తీసేసిన ఫొటోకి పచ్చదనం అంటితే ఎడిటింగులో టింట్‌ని (పచ్చ, గులాబీ రంగుల తూకాన్ని) మెజెంటా వైపు కొద్దికొద్దిగా జరిపి, పెదాలూ కళ్ల తెలుపూ చూస్తూ ఆపండి. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా వాకిట్లోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడిచినా మళ్లీ వస్తుంది. సంచీ జిప్పు వేసే ఉంచి అరగంట బయట పెట్టండి.

ఎంపిక చేసేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. తీయడానికి ఎక్కువ కష్టపడ్డ ఫొటో మనకి బాగున్నట్టే కనపడుతుంది. నాలుగు రోజులు ఆగి, ఫొటోల్ని తపాలా బిళ్లంత చిన్నవి చేసి, నలుపు తెలుపులో చూడండి. ఆ సైజులో కూడా మనిషి, గీత, వాటి మధ్య సంబంధం తెలిస్తే కూర్పు నిలబడినట్టే. తర్వాత ఇద్దరికి చూపించండి. ఒకరు మీ ఇంటివాళ్లు, ఒకరు గోదావరి ఎరగనివాళ్లు. ఎలా ఉందని అడక్కండి, మొహమాటానికి బాగుందంటారు. ముందు ఏం కనపడింది, తర్వాత ఏం కనపడింది అని అడగండి. కొత్తవాడు "గోడ మీద ఏదో గీత ఇతని గుండెల దగ్గర పోతోంది, ఎందుకో" అన్నాడంటే మీకు కావాల్సింది వచ్చేసింది. వరద అని వాడు కనిపెట్టాల్సిన అవసరం లేదు. ఆ "ఎందుకో" పుట్టించడం వరకే ఫొటో పని, జవాబు శీర్షిక చెప్పొచ్చు.

శీర్షికని తక్కువ చేసి చూడకండి. 1840లో హిప్పొలీట్ బయార్ అనే ఫ్రెంచి ఆయన తనని తాను నీళ్లలో మునిగి చనిపోయినవాడిలా ఫొటో తీసుకున్నాడు. ఫొటోగ్రఫీలో తన కృషిని ప్రభుత్వం పట్టించుకోకుండా, ఫొటోగ్రఫీని కనిపెట్టినవాళ్లలో మరొకరైన దాగేర్‌కి మాత్రం అండగా నిలిచిందన్న బాధతో చేసిన పని అది. వెనక రాసిన మాటలు చదవకపోతే కళ్లు మూసుకుని ఒరిగిన మనిషి మాత్రమే కనపడతాడు. చదివాక ఆ ఫొటో ఇంకోలా మారిపోతుంది. ఒరిగిన ఒళ్లు, మూసిన కళ్లు ముందే అక్కడున్నాయి కాబట్టే రాసిన మాటలు వాటికి అతికాయి.

మీ శీర్షికలో గోడ, మనిషి, గీత అని రాయకండి, అవి కనపడుతూనే ఉన్నాయి. 1986 ఆగస్టు అని, ఆ గీత ఎవరు గీశారో, రెండు వాక్యాలు మించకుండా రాయండి. తేదీని గోడ మీదే సుద్దతో రాసి ఫొటోలోకి తెద్దామనిపిస్తే మాత్రం వద్దు. అక్షరాలు కనపడ్డాయంటే కన్ను ముఖాన్ని వదిలేసి ముందు వాటినే చదువుతుంది.